పొడుగరి బిడ్డను ఏ కొలతతో కొలుద్దాము?

మన పడమటి ప్రకాశములో, అనగా మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతాలలో, ఒక పిల్లవాడు ఈడుకు మించి ఎదిగితే ఇంటికి వచ్చిన ప్రతివారూ ముందు అతని ఎత్తును గురించే మాట్లాడతారు. "ఏమి పెడుతున్నావమ్మా వీడికి, తాటిచెట్టులా పెరిగాడు" అంటుంది మేనత్త. "పొట్టివానికి పుట్టెడు బుద్ధులంటారు, మరి వీడికెన్నో" అని మేనమామ పరిహాసమాడతాడు. ఆడబిడ్డ అయితే మాట ఇంకొక దారిన పోతుంది: "ఇంత పొడుగైతే రేపు వరుణ్ణి ఎక్కడ వెదుకుతారు?"

అటువంటి బిడ్డ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుని కంట పడి, బాస్కెట్‌బాల్ జట్టులో 'సెంటరు' స్థానములో నిలబడి, మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి గుంటూరుకో విజయవాడకో ఎంపిక పోటీలకు వెళ్ళి వచ్చాడనుకోండి. గుమ్మములో అడుగు పెట్టగానే మనము అడిగే మొదటి మాట: "ఎన్ని పాయింట్లు వేశావు నాయనా?"

ప్రేమతో అడిగే మాటే. అయితే సెంటరుగా ఆడే బిడ్డకు ఆ మాట చాలా సార్లు అన్యాయము చేస్తుంది. జిల్లా పోటీలోనే ఇట్లా ఉంటే, దేశము పేరున పరదేశములో ఆడే పదిహేనేళ్ళ పిల్లవాని సంగతి ఏమిటి? అతనిని తూచేవారు ఇంటివారు మాత్రమే కాదు, కోట్లమంది. ఆ తూకములో ఏ రాళ్ళు వేయాలో, ఏవి వేయకూడదో ఈ నెల మన కుటుంబాలన్నీ కలిసి ఆలోచించాలని మా కోరిక.

సెంటరు పని ఏమిటి?

బాస్కెట్‌బాల్ ఆట 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో పుట్టినది. అక్కడి వై.యం.సి.ఎ. శిక్షణాలయములో వ్యాయామము నేర్పుచున్న జేమ్స్ నైస్మిత్‌ను, చలికాలములో గది లోపలే ఆడదగిన ఆట ఒకటి కనిపెట్టమని పై అధికారి కోరాడు. కెనడా దేశస్థుడైన నైస్మిత్ వేదాంత విద్య కూడా అభ్యసించినవాడు. ఆయన రెండు పండ్ల బుట్టలను 10 అడుగుల ఎత్తున కొట్టించి, 13 నియమాలు వ్రాసి, 18 మంది విద్యార్థులను రెండు జట్లుగా ఆడించాడు. బుట్ట ఎత్తు నేటికీ 10 అడుగులే. మన దేశములో ఈ ఆట వ్యాపించుటకు వై.యం.సి.ఎ. వారే ముఖ్య కారకులు. హారీ క్రో బక్ 1920లో మద్రాసులో స్థాపించిన వై.యం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలలో చదివి వచ్చినవారు తెలుగు నాట ఎన్నో బడులలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేశారు.

నేడు ఒక్కొక్క జట్టులో ఐదుగురు ఆడతారు. బంతిని నడిపించేవారు, దూరము నుండి వేసేవారు, ప్రక్కల ఆడేవారు ఉంటారు. బుట్టకు అందరికంటె దగ్గరగా నిలబడేవాడు సెంటరు. సాధారణముగా జట్టులో అందరికంటె పొడుగైనవాడు ఇతడే. అయితే అతని పనిలో పాయింట్లు వేయుట ఒక భాగము మాత్రమే.

వేసిన బంతి బుట్టలో పడక తిరిగి వచ్చినప్పుడు దానిని అందుకొనుట రీబౌండు. అందుకొనుటకు ముందే, వెనుకనున్న ప్రత్యర్థిని తన వీపుతో ఆపి చోటు కాపాడుకోవాలి. బుట్ట వైపు దూసుకొని వచ్చేవానికి అడ్డుపడి బంతిని ఆపాలి. మనవాడిని వెంటాడుతున్న ప్రత్యర్థి దారికి అడ్డముగా గోడవలె నిలబడి, మనవాడికి ఖాళీ చేసిపెట్టాలి. దీనిని స్క్రీన్ అంటారు. ఇద్దరు తనను చుట్టుముట్టితే ఎవరు ఖాళీగా ఉన్నారో చూచి బంతిని బయటికి అందించాలి. ఇవన్నీ చేస్తూ ఐదవ ఫౌలు పడకుండా జాగ్రత్తపడాలి. ఐదు పడితే ఆ ఆటలో ఇక బయటనే.

ఇది మన ఇండ్లలో తల్లి చేసే పని వంటిది. సక్రమముగా జరిగిన దినమున ఎవరికీ కనబడదు. ఒక్క పూట జరగకపోతే ఇల్లంతటికీ తెలుస్తుంది.

ఒక పల్లెటూరి పిల్లవాని కథ

పంజాబు రాష్ట్రములో బర్నాలా జిల్లా బల్లో కే అను చిన్న గ్రామములో 1995 డిసెంబరు 10న సత్నామ్ సింగ్ భమరా పుట్టాడు. తండ్రి బల్బీర్ సింగ్ రైతు, పిండిమర కూడా నడిపినవాడు, తానూ ఏడడుగులు దాటిన మనిషి. కొడుకు ఎత్తును చూచి చిన్న వయసులోనే లూధియానా బాస్కెట్‌బాల్ అకాడమీకి పంపించాడు. అక్కడ సుబ్రమణియన్ అను పేరుపొందిన శిక్షకుడు పంజాబు పల్లెల పిల్లలకు ఆట నేర్పుచుండెడివాడు.

2010లో, పద్నాలుగేళ్ళ వయసులో, సత్నామ్‌కు అమెరికాలోని ఫ్లోరిడాలో ఐ.ఎమ్.జి. అకాడమీ వారి ఉపకార వేతనము దొరికింది. ఇంగ్లీషు రాని పల్లెటూరి పిల్లవాడు ఇల్లు వదలి సముద్రాలు దాటి వెళ్ళాడు. భాష, తిండి, చదువు అన్నీ క్రొత్తవే.

మరుసటి సంవత్సరము, 2011 సెప్టెంబరులో, చైనాలోని వుహాన్ నగరములో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది. భారత పెద్దల జట్టులో సత్నామ్‌కు చోటు దొరికింది. వయసు ఇంకా పదహారు నిండలేదు. ఆ పోటీలో 16 జట్లు ఆడగా భారతదేశము 14వ స్థానములో నిలిచింది. 2013 ఆగస్టులో ఫిలిప్పీన్సు రాజధాని మనీలాలో మరల అదే పోటీ. ఈసారి మన జట్టు 11వ స్థానము పొందింది. సత్నామ్‌కు అప్పుడు పదిహేడేళ్ళు.

ఈ రెండు స్థానాలను మాత్రమే చూచేవాడు ఏమంటాడు? "ఏడడుగుల మనిషి ఉండి కూడా పద్నాలుగు, పదకొండేనా?" అంటాడు. ఆ మాట ఎంతవరకు న్యాయమో తెలుసుకొనుటకు మనీలాలోనే మనకు మంచి పోలిక దొరుకుతుంది.

ఒకే ఎత్తు, పదకొండేళ్ళ దూరము

మనీలాలో విజేత ఇరాన్. ఆ పోటీ అంతటిలో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైనవాడు ఇరాన్ సెంటరు హమేద్ హద్దాదీ. అతని ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. సత్నామ్ ఎత్తు కూడా అంతే. కొలబద్ద పెట్టి కొలిస్తే ఇద్దరూ సమానము.

అయితే హద్దాదీ 1985లో పుట్టినవాడు. అప్పటికి 28 ఏళ్ళు. 2008 నుండి కొన్ని సంవత్సరాలు ఎన్.బి.ఎ.లో, అనగా ప్రపంచములోని మేటి ఆటగాళ్ళు ఆడే అమెరికా వృత్తి పోటీలో, ఆడి వచ్చినవాడు. 2007లోను, 2009లోను కూడా ఆసియాలో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైనవాడు. శరీరము పూర్తిగా గట్టిపడినది. ఎప్పుడు దూకాలో, ఎప్పుడు దూకకుండా నిలబడాలో వందల ఆటలలో నేర్చుకొన్నాడు. పదిహేడేళ్ళ పిల్లవానికి ఎత్తు మాత్రము ముందుగా వచ్చింది. మిగిలినవన్నీ ఇంకా రావలసి ఉన్నవి.

మార్కాపురము పలకల గనులలో పనిచేసేవారికి ఈ సంగతి మరొక విధముగా తెలుసు. గని నుండి పెద్ద రాయి తీసినంత మాత్రాన పలక కాదు. అది పొరలు పొరలుగా సరిగా విడిపోవాలి, అంచులు కోయాలి, నునుపు చేయాలి. రాయి పెద్దదని సంతోషించవచ్చు గాని, పలక ధర ఆ రోజే కట్టరాదు. యెష్షయి ఇంటిలో పెద్ద కుమారుని ఎత్తును చూచి సమూయేలు ప్రవక్త అంతటివాడే తొందరపడ్డాడన్న సంగతి మన పాఠకులకు మేము గుర్తు చేయనవసరము లేదు.

గనుక యువ సెంటరును తూచేటప్పుడు మొదట అడగవలసినవి మూడు. ఎవరి మీద ఆడాడు? ఎన్ని నిమిషాలు ఆడాడు? అప్పుడు అతని వయసెంత? అంతర్జాతీయ ఆట 40 నిమిషాలు. పెద్దల జట్టులో చిన్నవానికి కొద్ది నిమిషాలే దొరకుట సహజము, అవి కూడా తరచు ఆట తేలిపోయిన తరువాతనే. ఐదు నిమిషాలు ఆడి నాలుగు పాయింట్లు వేసినవాడు, ముప్పది నిమిషాలు ఆడి పది వేసినవానికంటె తక్కువ కాదు.

లెక్కల కాగితము చెప్పేది, చెప్పనిది

పెద్ద పోటీలలో ప్రతి ఆటగాని లెక్క వ్రాస్తారు. ఆ లెక్కలను కలిపి 'ఎఫిషియెన్సీ' అను ఒక సంఖ్య కడతారు. కట్టు విధానము సులభమే. వేసిన పాయింట్లు, పట్టిన రీబౌండ్లు, తోటివానికి అందించి పాయింటు చేయించిన పాసులు, లాక్కొన్న బంతులు, ఆపిన బంతులు అన్నీ కూడాలి. అందులో నుండి, గురి తప్పిన షాట్లు, తప్పిన ఫ్రీ త్రోలు, ప్రత్యర్థికి పోగొట్టిన బంతులు తీసివేయాలి.

ఇద్దరు పిల్లలను ఊహించుకొందాము. మొదటివాడు 20 సార్లు వేసి 8 బుట్టలో పడవేశాడు. ఆరు ఫ్రీ త్రోలలో రెండు పడ్డాయి. మొత్తము 18 పాయింట్లు. నాలుగు రీబౌండ్లు పట్టాడు, ఐదుసార్లు బంతి పోగొట్టాడు. కూడితే 22. తప్పిన షాట్లు 12, తప్పిన ఫ్రీ త్రోలు 4, పోగొట్టినవి 5, వెరసి 21. మిగిలినది ఒక్కటి.

రెండవవాడు ఆరుసార్లే వేశాడు, మూడు పడ్డాయి. మూడు ఫ్రీ త్రోలలో రెండు పడ్డాయి. మొత్తము ఎనిమిది పాయింట్లు. కాని 11 రీబౌండ్లు పట్టాడు, మూడు పాసులు పాయింట్లయ్యాయి, ఒక బంతి లాక్కొన్నాడు, మూడు ఆపాడు. కూడితే 26. తప్పిన షాట్లు మూడు, తప్పిన ఫ్రీ త్రో ఒకటి, పోగొట్టినది ఒకటి, వెరసి 5. మిగిలినది 21.

"ఎన్ని పాయింట్లు వేశావు?" అని అడిగితే మొదటివాడు తలెత్తుకొని 18 అంటాడు, రెండవవాడు తల దించుకొని ఎనిమిది అంటాడు. జట్టును నిలబెట్టినవాడు రెండవవాడు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2023లో హంగేరీ దేశములోని డెబ్రెసెన్ నగరములో 19 సంవత్సరాల లోపు వారి ప్రపంచ కప్పు జరిగింది. చైనా సెంటరు యాంగ్ హాన్‌సెన్ అక్కడ ఆటకు సగటున 12.6 పాయింట్లు వేశాడు. గొప్పగా చెప్పుకొనే సంఖ్య కాదు. అయితే ఆటకు సగటున 10.4 రీబౌండ్లు పట్టాడు, 5 బంతులు ఆపాడు, 4.7 పాసులు పాయింట్లయ్యాయి. సెంటరు అయివుండి అంతమందికి పాయింట్లు చేయించుట అరుదు. చూపున్నవారు ఆ సంఖ్యలనే పట్టుకొన్నారు. 2025లో ఎన్.బి.ఎ. ఎంపికలో అతడు 16వ వాడుగా తీసుకొనబడ్డాడు.

అయినను ఈ కాగితము కూడా అంతా చెప్పదు. స్క్రీన్‌గా నిలబడి దెబ్బ తిన్నది అందులో వ్రాయరు. సెంటరు బుట్ట దగ్గర ఉన్నాడని భయపడి ప్రత్యర్థి వెనుదిరిగిపోయినది వ్రాయరు. తాను రీబౌండు పట్టకపోయినా ప్రత్యర్థిని ఆపి తోటివాడు పట్టుకొనేటట్లు చేసినది వ్రాయరు. తోటివాడు తప్పు చేసినప్పుడు ముఖము మాడ్చుకొనక భుజము తట్టినది వ్రాయరు. వాటిని చూడాలంటే బంతి వెంట కన్ను పోనీయక, ఐదు నిమిషాలు ఆ ఒక్క బిడ్డనే చూడాలి. తలిదండ్రులు ఈ పని చేయగలరు. బాస్కెట్‌బాల్ నియమాలు తెలియని తల్లి కూడా చేయగలదు.

అదే ఆగస్టు, మరొక పొడుగరి

సత్నామ్ మనీలాలో ఉన్న 2013 ఆగస్టులోనే, చైనాలోని గ్వాంగ్‌జౌ నగరములో మన తెలుగు బిడ్డ పి.వి. సింధు ప్రపంచ బాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఆడింది. ఈమె కూడా 1995లోనే, జూలై 5న, పుట్టినది. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కంచు పతకము పొందిన భారత వాలీబాల్ జట్టు సభ్యుడు. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణియే. గ్వాంగ్‌జౌలో సింధు ఇద్దరు పేరుగాంచిన చైనా క్రీడాకారిణులను ఓడించి, సెమీఫైనల్లో ఓడి, కంచు పతకముతో వచ్చింది. మహిళల సింగిల్స్‌లో భారతదేశానికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకము అదే మొదటిది.

ఇంత తొందరగా వెలుగు చూచిన బిడ్డను కూడా లోకము సుఖముగా ఉండనీయలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి, 2017లో, 2018లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో వెండి. 2017 గ్లాస్గో ఫైనలు 110 నిమిషాలు సాగి మూడవ గేములో 20–22తో చేజారింది. ఆ దినాలలో "ఈమె ఫైనలు గెలవలేదు" అన్న మాట దేశమంతటా వినబడింది. 2019లో బాసెల్ నగరములో ఆమె ప్రపంచ విజేత అయింది. గ్వాంగ్‌జౌ నుండి బాసెల్ వరకు ఆరేళ్ళు. మధ్యలో ఎక్కడ ఆగి తీర్పు వ్రాసినా ఆ తీర్పు తప్పయ్యేది.

ఈ ఇద్దరిలో ఒక భేదమును కూడా గమనించాలి. బాడ్మింటన్ సింగిల్స్‌లో ఆడేది ఒక్కరే గనుక గెలుపోటములు ఆ ఒక్కరివే. సెంటరు ఐదుగురిలో ఒకడు. బంతి అతని చేతికి చేరాలంటే ముందు మరొకడు సరిగా అందించాలి. గనుక జట్టు ఓటమిని పిల్లవాని మెడకు కట్టుట న్యాయము కాదు. జట్టు గెలుపును అతని ఒక్కని ఎత్తుకే కట్టుట కూడా న్యాయము కాదు.

ఎక్కువ తూచుట కూడా అన్యాయమే

2015 జూన్‌లో సత్నామ్ పేరు దేశమంతటా మారుమ్రోగింది. ఎన్.బి.ఎ. ఎంపికలో డాలస్ మావరిక్స్ జట్టు అతనిని 52వ వాడుగా తీసుకొన్నది. భారతదేశములో పుట్టి ఆ విధముగా ఎంపికైన మొదటివాడు అతడే. వయసు పందొమ్మిది. నూరు కోట్లకు పైగా ఉన్న జనములో ఒక్కడు అని పత్రికలు వ్రాశాయి.

ఆ ఏడు ఎంపికైనవారు మొత్తము 60 మంది. 52వ స్థానము అంటే "ఇతడు సిద్ధమయ్యాడు" అని కాదు, "ఇతడు ఎదుగుతాడేమో చూద్దాము" అని మాత్రమే అర్థము. ఎరిగినవారు మొదటి నుండి చెప్పినది కూడా అదే: దేహము పెద్దది, చేయి మెత్తనిది, కాని కాళ్ళ వేగము, దమ్ము ఇంకా రావాలి. మన దేశములో ఆ మాటను విన్నవారు తక్కువ. ఊరేగింపు ముందే జరిగిపోయింది.

తరువాత అతడు టెక్సాస్ లెజెండ్స్ అను క్రింది స్థాయి జట్టులో ఆడాడు. ఎన్.బి.ఎ. అసలు పోటీలలో ఒక్క ఆట కూడా ఆడే అవకాశము రాలేదు. తిరిగి వచ్చాడు. కెనడాలో కొంతకాలము ఆడాడు. 2019 నవంబరులో జరిపిన డోపు పరీక్షలో హైజెనమైన్ అను నిషిద్ధ పదార్థము కనబడినందున 2020 డిసెంబరులో రెండేళ్ళ నిషేధము ప్రకటించారు. తాను తెలిసి తీసుకొనలేదని అతడు చెప్పాడు. 2021లో అమెరికాలో వృత్తి కుస్తీ ప్రదర్శనల సంస్థలో చేరాడు.

కొందరు ఈ కథను "ఓడిపోయినవాడు" అని ముగిస్తారు. మేము అట్లా చదవలేము. పల్లె నుండి బయలుదేరి పద్నాలుగేళ్ళకే పరదేశములో ఒంటరిగా నిలబడినవాడు, పదిహేనేళ్ళకు పెద్దల జట్టులో దేశము కొరకు ఆడినవాడు, తన తరువాతి పిల్లలకు ఒక దారి ఉన్నదని చూపినవాడు. అతని ఆటలో లోపాలు నిజమైనవే. వాటిని లోపాలని చెప్పుట క్రూరత్వము కాదు. పదిహేడేళ్ళ పిల్లవాని భుజాల మీద ఒక దేశపు ఆశ అంతటినీ పెట్టి, అది జారిపోయినప్పుడు భుజాలను నిందించుట మాత్రము క్రూరత్వమే.

మన ఇండ్లలో కూడా ఇదే జరుగుతుంది. పిల్లవాడు మండలములో గెలిస్తే, రాష్ట్రములో గెలిచినట్టు ఊరంతా ఫ్లెక్సీలు కడతాము. రాష్ట్రములో ఓడితే "వీడితో ఏమవుతుంది, చదువు కూడా పోయింది" అంటాము. మన పొగడ్తకూ, మన నిందకూ మధ్య ఆ బిడ్డ తాను నిజముగా ఎక్కడ ఉన్నాడో తెలియక తిరుగుతాడు.

డోపు విషయములో ఒక హెచ్చరిక. కండ పెరుగుతుందని అంగళ్ళలో అమ్మే పొడులు, మాత్రలు ఎవరో చెప్పారని పిల్లలకు ఇవ్వకండి. హైజెనమైన్ కొన్ని మొక్కలలో సహజముగా ఉండే పదార్థమే. "మూలికలతో చేసినది" అని డబ్బా మీద వ్రాసి ఉన్నంత మాత్రాన నిషిద్ధము కాదని అనుకొనరాదు. రాగి సంకటి, గ్రుడ్లు, పాలు, పప్పు, వేరుశనగ, చాలినంత నిద్ర, వీటితో ఏ పరీక్షకూ భయపడనవసరము లేదు.

ఆటకంటె ముందు ఆరోగ్యము

పొడుగరి బిడ్డ ఆటను తూచుటకు ముందు వైద్యుడు అతని దేహమును చూడాలి. ఇది భయపెట్టుటకు వ్రాయుట లేదు, ప్రాణము సంగతి గనుక వ్రాస్తున్నాము.

ఫ్లో హైమన్ అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి. 6 అడుగుల 5 అంగుళాల ఎత్తు. 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో వెండి పతకము పొందిన జట్టులో ముఖ్యురాలు. 1986 జనవరిలో జపానులో ఆట జరుగుచుండగానే కుప్పకూలి మరణించింది. వయసు 31. గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళము చీలిపోయినది. ఆమెకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్నదని అప్పటివరకు ఎవరికీ తెలియదు.

ఐజయా ఆస్టిన్ 7 అడుగుల 1 అంగుళము ఎత్తుగల సెంటరు. 2014లో, ఎన్.బి.ఎ. ఎంపికకు కొద్ది దినాల ముందు, వైద్య పరీక్షలో అదే వ్యాధి బయటపడింది. ఆడవద్దన్నారు. అతని కల ఆ వారము ఆగిపోయింది, కాని ప్రాణము నిలిచింది. రెండేళ్ళ తరువాత వైద్యులు అనుమతించగా పరదేశ జట్లలో మరల ఆడాడు.

పొడుగైన వారందరికీ ఈ వ్యాధి ఉండదు, చాలా అరుదైనది. అయితే బిడ్డ చేతులు చాచిన వెడల్పు ఎత్తుకంటె బాగా ఎక్కువగా ఉండుట, వ్రేళ్ళు సన్నగా మరీ పొడవుగా ఉండుట, రొమ్ము ఎముక లోనికి పోవుట లేక బయటికి పొడుచుకొని వచ్చుట, చూపు చిన్నతనముననే బాగా తగ్గుట, కుటుంబములో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉండుట, ఇటువంటివి కొన్ని కలిసి కనబడితే గుండె వైద్యునికి చూపించి ఎకో పరీక్ష చేయించండి. ఆడుచుండగా స్పృహ తప్పినా, రొమ్ములో నొప్పి వచ్చినా ఆలస్యము చేయకండి.

మోకాళ్ళు, పాదాలు కూడా చూడాలి. చైనా సెంటరు యావో మింగ్, 7 అడుగుల 6 అంగుళాల మనిషి, 2002లో ఎన్.బి.ఎ. ఎంపికలో మొదటివాడు. పాదము, చీలమండ ఎముకలు పదే పదే చిట్లినందున 2011లో, 30 ఏళ్ళకే, ఆట మానుకొనవలసి వచ్చింది. అంత బరువు మోసే పాదాలకు విశ్రాంతి కావాలి. మన పడమటి మండలాలలో నీటిలో ఫ్లోరైడు బాధ ఎముకలకు ఎంత చేటు చేసినదో ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. గనుక పిల్లవాడు "ఎముకలు నొప్పి" అంటే "పెరిగే నొప్పిలే" అని త్రోసివేయకుండా ఒకసారి చూపించండి.

మరొక మాట నొప్పి కలిగించినా చెప్పక తప్పదు. పాఠశాలల పోటీలు 14, 17, 19 సంవత్సరాల లోపు అని విభజించి జరుగుతాయి. చిన్నవారి మధ్య గెలిపించుటకు పిల్లవాని వయసు తగ్గించి వ్రాయించేవారు ఉన్నారు. అది నిజాయితీగల మరొక బిడ్డ చోటును దొంగిలించుటయే. పైగా ఆ పిల్లవాడు అసలు ఎంత ఎదిగాడో అతనికే తెలియకుండా పోతుంది. వయసు తప్పయితే మనము పైన చెప్పుకొన్న ఏ తూకమూ పనిచేయదు.

ఇంటిలో అడగదగిన ప్రశ్నలు

బిడ్డ పోటీ నుండి రాగానే ముందు అన్నము పెట్టండి. అతడే మొదలుపెట్టేవరకు ఆట మాట ఎత్తకండి. తరువాత పాయింట్ల సంగతి కంటె ముందుగా ఇవి అడుగవచ్చు.

నీ మీద ఆడినవాడు ఎవరు? అతని వద్ద నీవు చూచి నేర్చుకొన్నది ఏమిటి?

నీవు ఆడిన నిమిషాలలో ప్రత్యర్థులు బుట్ట దగ్గరకు సులభముగా రాగలిగారా?

పోయినసారి నీవు చేయలేక ఈసారి చేసినది ఏది?

ఫౌళ్ళు ఎన్ని? వాటిలో తొందరపాటువి ఎన్ని?

తోటివారు నీతో ఆడుటకు ఇష్టపడుతున్నారా?

నొప్పి ఎక్కడైనా ఉన్నదా?

ఈ జవాబులను ఒక నోటుపుస్తకములో తేదీ వేసి బిడ్డ చేతనే వ్రాయించండి. ఆరు నెలల తరువాత వెనుకకు త్రిప్పి చదివితే, నిన్నటి తనతో నేటి తనను తానే పోల్చుకొంటాడు. వ్యాయామ ఉపాధ్యాయునితో కూడా సంవత్సరానికి రెండుసార్లయినా మాట్లాడండి. "మావాడు ఎప్పుడు రాష్ట్రానికి ఆడతాడు సార్?" అని కాక, "మావాడికి ఇప్పుడు ఏది రావటము లేదు సార్?" అని అడగండి. ఆయన మొగమాటము లేకుండా చెప్పినది శ్రద్ధగా వినండి.

చదువును మాత్రము ఆపనీయకండి. ఏడడుగుల ఎత్తు ఉన్నవానికి కూడా ఆట ఇరవై ఏళ్ళకంటె ఎక్కువ అన్నము పెట్టుట కష్టము. ఆడపిల్ల ఎత్తును గురించి ఇంటిలో ఎవరైనా వెటకారమాడితే ఆపవలసినది తండ్రే. రమణ, విజయ దంపతుల ఇంట ఆ ఎత్తును భారముగా ఎంచి ఉంటే, దేశము ఏమి పోగొట్టుకొనేదో ఒకసారి తలపోయండి.

రేపు గిద్దలూరు, కంభము ప్రక్కల ఏ పల్లె నుండైనా ఒక పొడుగరి బిడ్డ దేశము కొరకు ఆడవచ్చు. ఆడకపోనూవచ్చు. జిల్లా స్థాయిలోనే ఆగిపోయి, తరువాత ఏ బడిలోనో పిల్లలకు ఆట నేర్పే మంచి ఉపాధ్యాయుడు కావచ్చు. ఏది జరిగినా, తాను ఎంతవాడో తనకు ఉన్నదున్నట్టు చెప్పి, అది విన్న తరువాత కూడా తనను అంతే ప్రేమించే ఇల్లు అతనికి ఉండాలి. ఈ నెలలో మీ ఇంటి బిడ్డ ఆట ఏదైనా ఉంటే వెళ్ళి చూడండి. బంతిని కాదు, ఐదు నిమిషాలు బిడ్డను చూడండి.